పిల్లల చరిత్ర పుస్తకంలో ముందు భోజనం పేజీ తెరవండి

పిల్లలకు చరిత్ర కథల పుస్తకం కొనేటప్పుడు షాపులో నిలబడే నేను భోజనం పేజీ వెతుకుతాను. యుద్ధం ఎవరైనా రాసేస్తారు. నాలుగు ఏనుగులు, పది గుర్రాలు, జై అని ఒక కేక, అయిపోయింది. రాజు ఏం తిన్నాడో రాయాలంటే మాత్రం రచయిత కాస్త చదువుకుని ఉండాలి.

ఆ మధ్య ఒక పుస్తకం తిరగేస్తే శ్రీకృష్ణదేవరాయల వంటశాలలో టమాటా చారు కాగుతోంది! రాయలవారు పాలించింది 1509 నుంచి 1529 దాకా. టమాటా, ఉర్లగడ్డ, శనక్కాయ, మిరపకాయ అన్నీ అమెరికా ఖండంలో పుట్టిన పంటలు. పోర్చుగీసు ఓడలు మన పడమటి తీరానికి రావడం మొదలైందే 1498లో. మిరపకాయ కాస్త ముందుగా, టమాటా, ఉర్లగడ్డ చాలా ఆలస్యంగా మన వంటింటికి చేరాయి. మదనపల్లె మార్కెట్‌లో టమాటా రాశులు, కళ్లాల్లో ఎండబోసిన శనక్కాయలు చూస్తూ పెరిగిన మన పిల్లలు ఈ మాట చెబితే ఒక పట్టాన నమ్మరు. నమ్మకపోతే మంచిదే, ఇంకో పుస్తకం తెరుస్తారు.

మరి అప్పుడేం తినేవాళ్లు? తిరుపతి వాళ్లం దీనికి ఊహించుకోవాల్సిన పని లేదు. తిరుమల గుడి గోడల మీద శాసనాలున్నాయి. దేవస్థానం వాళ్లు 1930లలోనే వాటిని సంపుటాలుగా అచ్చు వేయించారు. ఎక్కువ భాగం తమిళం, కొన్ని తెలుగు, కన్నడం. ఫలానా ఉత్సవం రోజు నైవేద్యానికి బియ్యం ఇంత, నెయ్యి ఇంత, బెల్లం ఇంత, మిరియాలు ఇంత అని కొలతలతో సహా చెక్కించారు. అప్పపడి, వడపడి, అతిరసపడి, దోసెపడి అంటూ ఆ పిండివంటల నైవేద్యాల పేర్లు నేను చదువుతుంటే మా వరండాలో ఒక బుడ్డోడు అందుకున్నాడు: "దోసె ఉంది గదా అవ్వా, మరి చట్నీలోకి కారానికి ఏమేసుకునేవాళ్లు?" ఆ రోజు ఇక పాఠం జరగలేదు, మిరియాల మీదే సాయంత్రమంతా గడిచిపోయింది.

నేను సోషల్ టీచరుగా రిటైరయ్యాను. కపిలతీర్థం రోడ్డు వైపు మా ఇల్లు. సాయంత్రాలు వీధి పిల్లలు వరండాలో చేరతారు, అందరికీ నేను అవ్వనే. వాళ్ల అమ్మానాన్నలు ఏ పుస్తకం కొనాలని అడుగుతూ ఉంటారు కాబట్టి నా పద్ధతి ఇక్కడ రాస్తున్నా.

భోజనం తర్వాత అట్ట చూడండి. అట్ట మీద రాయలు సినిమా కిరీటం పెట్టుకుని, కత్తి ఎత్తి, కళ్లెర్రజేసి ఉంటే కాస్త అనుమానించండి. తిరుమల మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో ఆయన రాగి విగ్రహం ఉంది. అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. పొడవాటి కుళ్లాయి, జోడించిన చేతులు. క్యూలో తోసుకుంటూ పోతాం కాబట్టి చాలామంది గమనించరు. ఈసారి దర్శనానికి వెళ్లినప్పుడు పిల్లల్ని అటు చూడమనండి. ఇంటికొచ్చాక అట్ట బొమ్మ పక్కన పెట్టుకుని తేడాలు చెప్పమనండి. ఎనిమిదేళ్ల పాప కూడా చెప్పేస్తుంది.

తర్వాత చివరి పేజీలకు వెళ్లండి. కథలో ఏది నిజంగా జరిగింది, ఏది తాను కల్పించాను అని రచయిత ఒక్క పేజీ అయినా రాసి ఉంటే ఆ పుస్తకం ధైర్యంగా కొనొచ్చు. రాజు, మంత్రి గుసగుసలాడుకున్న మాటలు ఎవరు విన్నారు? కల్పన ఉండటం తప్పు కాదు, అది లేకపోతే పిల్లలు చదవరు కూడా. చెప్పకపోవడమే తప్పు. మ్యాపు ఉంటే ఇంకా మంచిది. కాగితం నున్నగా మెరుస్తోందని మాత్రం డబ్బులు పోయకండి.

ఒక పేజీ అక్కడే పైకి చదివి చూడండి. మీ నాలుకే తడబడితే పిల్లలు రెండో పేజీ తిప్పరు.

వయసు సంగతి. ఏడెనిమిదేళ్ల వాళ్లకు తేదీలు వద్దు, ఒక మనిషి కథ, నిండుగా బొమ్మలు చాలు. ఈ వయసుకు నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల తెలుగు పుస్తకాలు చవకలో దొరుకుతాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా అసలైన చదువు వయసు. అప్పటి నుంచే కాలం లెక్క అలవాటు చేయాలి. ఐదొందల ఏళ్లంటే వాళ్లకు ఏమీ తెలియదు. నేను చేసేది ఇది: తరానికి పాతికేళ్ల చొప్పున ఇరవై ఒక్క మందిని వరసగా నిలబెడతాను. మొదటివాడు ఇప్పటి పిల్లవాడు, వాడి వెనకున్నవాడు వాడి నాయన, ఆ వెనక తాత, అలా పోతూ ఉంటే వరస చివర నిలబడ్డవాడు రాయలను కళ్లారా చూసి ఉండొచ్చు. అంతమంది లేకపోతే గోడకు చెప్పులు పేర్చినా సరిపోతుంది.

చంద్రగిరి కోటకు తీసుకెళ్లేముందే పుస్తకం చదివించండి, వచ్చాక కాదు. ముందు చదివితే వెతుక్కుంటూ నడుస్తారు, లేకపోతే ఐస్‌క్రీమ్ బండి దగ్గరే ఆగిపోతారు. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు పెనుకొండకు, అక్కణ్నుంచి చంద్రగిరికి వచ్చారన్నంత వరకు తెలిస్తే చాలు. రాజమహల్లో పిల్లలకు ఒకే పని పెట్టండి: పైకప్పులో కర్ర దూలం ఎక్కడుందో చూపించమనండి. ఎంత వెతికినా దొరకదు. మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. మరి కప్పు ఎలా నిలిచిందని అడిగితే కమానుల దగ్గరకు వాళ్లే వెళ్తారు. మహల్లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని బయలుదేరండి.

పదమూడు దాటినవాళ్లకు ఇదే కోట మీద చిక్కు ప్రశ్న ఒకటి ఉంది. ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది 1639లో. చంద్రగిరి రాజు మహల్లో కూర్చుని రాసిచ్చేశాడని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే బేరమాడింది ఆ తీరప్రాంతం చూసుకునే దామెర్ల వెంకటాద్రి నాయకుడితో. అప్పటి రాజు మూడో వెంకటపతి రాయలు. నాయకుడి పేరు చెప్పిన పుస్తకం, రాజుతోనే సరిపెట్టిన పుస్తకం రెండూ చేతికిచ్చి, ఈ తేడా ఎందుకొచ్చిందో వాళ్లనే తేల్చుకోమనండి.

హైదరాలీ, టిప్పు లాంటివాళ్ల పుస్తకాలకు వచ్చేసరికి తల్లిదండ్రులకు టెన్షన్. ఒక పుస్తకంలో దేవుడు, ఇంకో పుస్తకంలో రాక్షసుడు. నేనైతే దాచను, రెండూ చదివిస్తాను. చదివించే ముందు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా సంగతితో మొదలుపెడతాను. ఇంగ్లిషువాళ్లతో యుద్ధం నడుస్తుండగానే 1782 డిసెంబర్ 7న హైదరాలీ చనిపోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో. టిప్పు దూరంగా మలబారు తీరాన ఉన్నాడు. అతను వచ్చేదాకా చావు కబురు సైన్యానికి పొక్కకుండా దాచారు. ఎందుకు దాచి ఉంటారు? ఈ ప్రశ్న వేశాక మంచోడా చెడ్డోడా అన్న గొడవ కాసేపు పక్కకు పోతుంది. జీతం కోసం వచ్చిన సైనికుడు ఏమనుకుంటాడు, పక్క ఊరి రైతు ఏమనుకుంటాడు అని మాట్లాడుకోవడం మొదలవుతుంది.

అన్నీ కొనాల్సిన పని లేదు. ముందు గ్రంథాలయంలో తెచ్చి చదివించండి, మళ్లీ మళ్లీ అడిగినదాన్ని కొనండి. మధ్యలో వదిలేస్తే బలవంతం చేయొద్దు, ఇంకో పిల్లకు ఇవ్వండి. మా దగ్గర ప్రతి పుస్తకం వెనక అట్టకు ఒక తెల్ల చీటీ అంటించి ఉంటుంది. చదివినవాళ్లకు ఎక్కడ అనుమానం వస్తే అక్కడి పేజీ నంబరు వేసి పెన్సిల్‌తో రాయాలి. తర్వాత చదివేవాళ్లు జవాబు వెతికి కింద రాయాలి. "గుర్రానికి రికాబు బొమ్మలో లేదు, రాజు ఎట్ల ఎక్కినాడు?" అని ఒకడు రాస్తే, "బొమ్మ గీసినాయన గుర్రం ఎక్కిండడు" అని ఇంకో అమ్మాయి కింద రాసింది. పెద్దవాళ్లెవరూ ఆ చీటీల్లో అచ్చుతప్పులు దిద్దకూడదు, అది మా వరండా రూలు.