సైకాలజీ మేజర్‌కు తోడు ఏ మైనర్?

మా డిగ్రీ కాలేజీలో సైకాలజీ తీసుకున్న పిల్లలు ఏటా నన్ను అడుగుతారు: "మేడమ్, మైనర్ (మేజర్ అనే ప్రధాన సబ్జెక్టుతో పాటు చదివే రెండో సబ్జెక్టు) ఏది పెట్టమంటారు?" నేను ఎదురు అడిగేది ఒకటే. చదువయ్యాక రోజూ ఎవరితో పని చేయాలని ఉంది? బాధతో వచ్చిన మనిషితోనా, అక్షరాలు పట్టుబడని పిల్లాడితోనా, ఆఫీసు ఉద్యోగులతోనా, డేటాతోనా?

"ఫ్రెండ్ తీసుకుంది", "మార్కులు బాగా వేస్తారట" అనేవి కారణాలు కావు. యూజీసీ 2022 ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు ఉంటే, అందులో 24 మైనర్‌వే. అంటే ఐదో వంతు.

ఇంకా ఏమీ తేల్చుకోలేదా? స్టాటిస్టిక్స్ తీసుకోండి. లెక్కలంటే టెన్షన్ అని ఇటు వచ్చినవాళ్లకు ఇది రుచించదని తెలుసు. కానీ ఒక పిల్లాడికి ఐక్యూ పరీక్షలో 85 వచ్చిందనుకోండి. తల్లి కంగారుపడుతుంది. ఆ పరీక్షలో సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 15 అయితే, 85 కన్నా తక్కువ వచ్చేవాళ్లు నూటికి సుమారు 16 మంది ఉంటారు. పైగా ఏ పరీక్షలోనైనా కొంత కొలత దోషం ఉంటుంది కాబట్టి, అదే పిల్లాడికి ఇంకో రోజు 88 రావచ్చు, 82 రావచ్చు. ఇది తెలిసినవాళ్లు ఆ తల్లితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. అంకెను తప్పుగా చదివితే పిల్లాడి మీద ఒక ముద్ర పడిపోతుంది. పీజీలో, పరిశోధనలో కూడా సగం పని ఇదే. ఆర్, జాస్ప్ లాంటి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, ఇంట్లోనే సాధన చేయొచ్చు. కొన్నిచోట్ల ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలంటారు, ముందే కనుక్కోండి.

కౌన్సెలింగ్ వైపు మనసుంటే సోషల్ వర్క్, అది లేకపోతే సోషియాలజీ. నిద్ర పట్టడం లేదని వచ్చిన ఆమె వెనక భర్త తాగుడు, అప్పు, పొలం తగాదా ఉండవచ్చు. ఏ ఆఫీసుకు పంపాలో, ఏ పెన్షన్‌కు అర్హురాలో తెలియకుండా మనసు గురించి మాత్రమే మాట్లాడితే ఆమెకు సగం సాయమే అందుతుంది. ఫీల్డ్ వర్క్ నిజంగా చేయించే కాలేజీ అయితే వదులుకోకండి.

చిన్నపిల్లలతో పని చేయాలనుకుంటే ఎడ్యుకేషన్ లేదా లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం). వత్తుల దగ్గర, గుణింతాల దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతారో అర్థమవుతుంది. వైకల్యం ఉన్న పిల్లలకు చెప్పే స్పెషల్ టీచర్ కావాలంటే మాత్రం ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపున్న కోర్సు వేరుగా చేయాలి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో అలాంటివి ఉన్నాయి.

హెచ్‌ఆర్ ఉద్యోగానికి మేనేజ్‌మెంట్ సరిపోతుంది, కార్మిక చట్టాల పేపర్ ఉందో లేదో చూసుకోండి. యాప్‌లను జనం ఎలా వాడుతున్నారో పరిశీలించే యూఎక్స్ రీసెర్చ్ ఇష్టమైతే కంప్యూటర్స్.

క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ఏ మైనరూ ఆ దారిని దగ్గర చేయదు. ఆర్‌సీఐ గుర్తించిన చదువు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఫారం నింపే ముందు సీనియర్ల దగ్గర ఆ మైనర్ సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, రికార్డు పుస్తకం అడిగి తీసుకుని, ఒక సాయంత్రం కూర్చుని చదవండి. దానికి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా అని కూడా అడగండి. నేనైతే పాఠం చెప్పే మనిషి లేని మంచి సబ్జెక్టు కన్నా, బాగా చెప్పేవాళ్లున్న రెండో ఎంపికే తీసుకోమంటాను.