ఆర్కేడ్ బోర్డు పలకడం లేదా? ముందు అడాప్టర్‌ను అనుమానించండి

నాణెం వేసి ఆడే వీడియో గేమ్ యంత్రంలో ఆటను నడిపే సర్క్యూట్ బోర్డే ఆర్కేడ్ బోర్డు. దాని పిన్నుల వరుసను ఒకే రకంగా ఖాయం చేసిన జమ్మా ప్రమాణం 1985లో జపాన్‌లో వచ్చేదాకా ఒక్కో కంపెనీ పిన్నులను ఒక్కో రకంగా అమర్చుకుంది. అందుకే ఆ కాలపు బోర్డును జమ్మా క్యాబినెట్‌లో, అంటే ఆ ప్రమాణానికి కట్టిన యంత్రపు పెట్టెలో ఆడించాలంటే మధ్యలో ఒక వరుస పిన్నులను మరో వరుసకు తీగలతో కలిపే అడాప్టర్ ఉండి తీరాలి. పని చేయకపోతే చాలామంది బోర్డే పోయిందని తేల్చేసి సోల్డరింగ్ ఐరన్ అందుకుంటారు. దయచేసి ఆగండి. ఆ బోర్డులు మళ్ళీ తయారు కావు, అడాప్టర్ మాత్రం ఒక సాయంత్రంలో మళ్ళీ కట్టుకోవచ్చు.

స్క్రీన్ నల్లగా ఉంది, చడీచప్పుడూ లేదు

వెంటనే పవర్ తీసేసి కనెక్టర్ ఎటు తిరిగి ఉందో చూడండి. జమ్మా కనెక్టర్‌లో వైపుకు 28 చొప్పున 56 పిన్నులు. ఏడో స్థానంలో కీ ఉంటుంది. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క ఊడిపోయి ఉంటే కనెక్టర్ తలకిందులుగా కూడా దూరిపోతుంది. అప్పుడు ఆరో పిన్నులోని 12 వోల్టులు బోర్డు మీద 23వ పిన్నుకు, అంటే రెండో బటన్ లైనుకు తగులుతాయి. అక్కడున్న చిప్ 5 వోల్టులకు మించి తట్టుకోదు. కీ లేని కనెక్టర్‌ను నేను బోర్డు దగ్గరికే రానివ్వను.

దిశ సరిగ్గానే ఉంటే అక్షరాలు చూడండి. విడిభాగాలున్న వైపు 1 నుంచి 28 అంకెలు, సోల్డర్ వైపు ఇంగ్లిష్ అక్షరాలు. ఈ అక్షరాల్లో జీ, ఐ, ఓ, క్యూ ఉండవు. ఎఫ్ తర్వాత నేరుగా హెచ్ వస్తుంది. ఒకసారి నేను కట్టిన అడాప్టర్‌లో ఎఫ్ తర్వాత జీ లెక్కపెట్టాను. అక్కడి నుంచి సోల్డర్ వైపు తీగలన్నీ ఒక్కో గడి పక్కకు జరిగిపోయాయి. పవర్ పిన్నులు అంతకు ముందే ఉంటాయి కాబట్టి బోర్డు బతికింది. అప్పటి నుంచి బోర్డు పెట్టకుండానే పవర్ ఇచ్చి, అడాప్టర్ చివర 5, 12, మైనస్ 5 వోల్టులు ఏ పిన్నులో వస్తున్నాయో మీటరుతో చూశాకే ముందుకు వెళ్తున్నాను.

ఆట మొదలవుతుంది, కాసేపటికి రీసెట్ అవుతుంది, బొమ్మలు చెదిరిపోతాయి

ఎక్కువగా తగిలేది ఇదే. పవర్ సప్లై దగ్గర మీటరు 5.05 చూపిస్తుంది, మనం నిశ్చింతగా ఉంటాం. అసలు కొలవాల్సింది బోర్డు మీద, ఆట నడుస్తున్నప్పుడు. పేరు 74తో మొదలయ్యే 14 కాళ్ళ చిప్‌లలో మామూలుగా 7వ కాలు గ్రౌండ్, 14వ కాలు 5 వోల్టులు. మీటరు కొనలు వాటి మీద జాగ్రత్తగా, పక్క కాలికి తగలకుండా ఆనించండి. ఈ చిప్‌లకు 4.75 నుంచి 5.25 దాకా ఉండాలి. అక్కడ 4.6 కనిపిస్తే మిగతాదంతా దారిలోనే హరించుకుపోతోంది. సన్నటి తీగలు, పొడవాటి అడాప్టర్, మసిబారిన బోర్డు అంచు పిన్నులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

ఇక్కడ చాలామంది సప్లై మీద వోల్టేజీ పెంచే స్క్రూను తిప్పేస్తారు. తక్కువ కరెంటు తాగే మరో బోర్డు పెట్టిన రోజు ఆ పెంచిన వోల్టేజీ దాన్ని కాల్చేయొచ్చు. ముందు పవర్ తీసి, బోర్డు అంచును ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవండి. 5 వోల్టులకు, గ్రౌండ్‌కు మందపాటి తీగలు వేయండి. జమ్మా వైపు 5 వోల్టులకు నాలుగు పిన్నులు, గ్రౌండ్‌కు ఎనిమిది ఉన్నాయి. ఒక్కటి చాల్లే అనుకోకుండా అన్నీ వాడండి. స్క్రూ సంగతి ఆ తర్వాతే, అదీ బోర్డు మీద కొలుస్తూ.

బొమ్మ దొర్లుతోంది లేదా రంగులు తారుమారయ్యాయి

దొర్లితే సింక్ తీగ, అంటే బొమ్మను నిలకడగా పట్టే సిగ్నల్ తీగ చూడండి. అది బాగుండీ బొమ్మ నిలవకపోతే మానిటర్‌కూ బోర్డుకూ కుదరడం లేదన్నమాట. మానిటర్ మీద అడ్డగీతలు గీసే వేగం లెక్కన పాత బోర్డులు ఎక్కువగా 15 కిలోహెర్ట్జ్‌వి, తర్వాత వచ్చిన వాటిలో 24, 31 కూడా ఉన్నాయి. దాన్ని తీగలతో సరిచేయలేం. ఒక్క రంగే లేకపోతే 12, 13 పిన్నుల దగ్గర సోల్డరింగ్ చూస్తే చాలు.

ఫొటో నెగెటివ్‌లా కనిపిస్తే కథ వేరు. 1981 నాటి డాంకీ కాంగ్ లాంటి నింటెండో బోర్డులు వీడియోలో వెలుగునీడలను తిరగేసి పంపుతాయి. వాటి సొంత మానిటర్లు అలాంటి సిగ్నల్‌కే తయారయ్యాయి. మామూలు మానిటర్‌కు కలపాలంటే ఆ సిగ్నల్‌ను మళ్ళీ తిరగేసే ఇన్వర్టర్ సర్క్యూట్ ఉన్న అడాప్టర్ కావాలి. స్పీకర్‌ను నడిపే ఆంప్లిఫయర్ కూడా ఆ బోర్డు మీద లేదు, దాన్ని విడిగా పెట్టుకోవాలి.

శబ్దం లేదు, లేదా హమ్ వస్తోంది

కొన్ని పాత బోర్డుల సౌండ్ సర్క్యూట్‌కు మైనస్ 5 వోల్టులు కావాలి. కొత్త సప్లైలలో కొన్నిటికి ఆ అవుట్‌పుటే ఉండదు. ఇంకోటి, స్పీకర్ మైనస్ తీగను గ్రౌండ్‌కు కలపకండి. పాత క్యాబినెట్లలో అలా కలిపి ఉండటం మామూలే. కొన్ని బోర్డుల్లో ఆ రెండు తీగలనూ ఆంప్లిఫయరే నడుపుతుంది, ఒకటి గ్రౌండ్‌కు తగిలితే ఆ చిప్ వేడెక్కి పోతుంది.

బటన్లు పలకవు

బటన్ నొక్కితే ఆ లైను గ్రౌండ్‌కు తగలాలి, అంతే. ఒక్కటీ పలకకపోతే కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్ళే గ్రౌండ్ తీగ తెగి ఉంటుంది. ఒకటే పలకకపోతే బోర్డు దగ్గర ఆ పిన్నును చిన్న తీగతో గ్రౌండ్‌కు ఒక్క క్షణం తాకించండి. ఆటలో కదలిక వస్తే బోర్డు బాగుంది, తప్పు అడాప్టర్‌లోనో స్విచ్‌లోనో ఉంది. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో పంచ్‌లు పలికి కిక్‌లు పలకకపోతే కంగారు పడకండి. మూడు కిక్ బటన్లు జమ్మా అంచు మీద లేవు, బోర్డు మీదే విడిగా ఉన్న కనెక్టర్‌కు మరో హార్నెస్ (తీగల కట్ట) వేయాలి.