చెరువు మీది చుట్టాలు – 4వ పాఠం: ముందు ముక్కు, తర్వాతే రంగు

పోయిన పాఠంలో బైనాక్యులర్‌ను రెండు కళ్లకూ సరిచేసుకున్నాం. ఈసారి దాన్ని నీళ్ల మీది బాతుల వైపు తిప్పుదాం. ఈ ఆదివారం హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువు ఇది. ఆరున్నరకల్లా చేరుకుని, ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. ఎదురెండలో ఏ బాతైనా నల్లగానే కనిపిస్తుంది.

కొత్తగా చూసేవాళ్లు ముందు రంగు వెతుకుతారు. నవంబరులో రంగును నమ్మలేం. అప్పుడే వలస వచ్చిన మగ బాతుల్లో చాలావాటికి నిండు రంగులు ఇంకా రావు, ఆడవాటిలా మట్టిరంగులోనే ఉంటాయి. ఆడబాతులేమో చాలా జాతుల్లో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే ముక్కు చూడమంటాను.

షోవెలర్ అనే బాతుతో మొదలుపెట్టండి. ముక్కు తలకన్నా పొడుగు, చివర గరిటెలా వెడల్పు. మెడ వంచి, ముక్కు నీటికి ఆనించి, ఈదుతూనే అటూ ఇటూ ఊపుతూ నీటిని జల్లెడ పడుతుంది. ముక్కు అంచున దువ్వెన పళ్లలాంటి సన్నని వరస ఉంటుంది. నీళ్లు బయటికి పోతాయి, పురుగూ గింజా లోపల మిగులుతాయి. ఒక్కోసారి గుంపంతా గుండ్రంగా తిరుగుతుంది. ముందుదాని కాళ్లు కదిపిన నీటిలో వెనకది మేస్తుంది. అది కనబడితే ఇంక బైనాక్యులర్ దించకండి!

పిన్‌టెయిల్ బాతుకు సన్నని పొడవాటి మెడ. మేసేటప్పుడు తలకిందులై తోక ఆకాశానికి చూపిస్తుంది. నల్లముక్కు చివర పసుపు ఉంటే స్పాట్‌బిల్డ్ బాతు, అది ఏడాది పొడవునా మనతోనే ఉండేది. చిన్న గుండ్రటి పిట్ట బుడుంగున మునిగి ఇంకోచోట తేలితే అది బాతే కాదు, బుడబుంగ.

అరుదైన వాటి కోసం చూస్తున్నారని తెలుసు. పోయిన జనవరిలో హిమాయత్‌సాగర్ ఒడ్డున దూరంగా ఏడు బూడిదరంగు ముద్దలు కనిపించాయి. తలలు రెక్కల్లో దాచుకుని నిద్రపోతున్నాయి.

"దగ్గరికి పోదాం సార్" అన్నాడు నాతో వచ్చిన పిల్లవాడు.

"ఆగు నాయనా, అవే లేస్తాయి" అన్నాను.

ఇరవై నిమిషాలకు ఒకటి మెడ చాచింది. తెల్లని తల వెనక రెండు నల్లని పట్టెలు, కాటుకతో గీసినట్టు. పట్టెతల బాతు (బార్-హెడెడ్ గూస్)! పిల్లవాడు ఊపిరి బిగబట్టాడు. హిమాలయాలు దాటి వచ్చే పక్షి అది. రాత్రిళ్లు పొలాల్లో మేసి, పగలు నీటి ఒడ్డున కునుకు తీస్తుంది. ఫొటో కోసం దాన్ని లేపడం నా దృష్టిలో తప్పే. బెదిరి ఎగిరిన ప్రతిసారీ దాని ఒంట్లో శక్తి వృథా అవుతుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే ఒక్క బాతును పది నిమిషాలు చూడండి. నోట్‌బుక్‌లో ముక్కు బొమ్మ గీయండి, మేసే తీరు రాయండి. పేరు చివర్న రాయండి, తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. వచ్చే పాఠం బురద మీద నడిచే ఉల్లంకుల గురించి, తడిసినా ఫరవాలేని చెప్పులు సిద్ధం చేసుకోండి.