కొత్త ఫ్లైట్ కంట్రోలర్ బిగించారా? ఎగరేసే ముందు ఇలా పరీక్షించండి

కొత్త ఫ్లైట్ కంట్రోలర్, అంటే మోటార్లను నడిపించే బోర్డు, పెట్టిన డ్రోన్ నేల వదిలీ వదలగానే పల్టీ కొట్టి ప్రొపెల్లర్లు విరగ్గొట్టుకుంటే అందరి నోటా ముందు వచ్చే మాట "బోర్డు మంచిది కాదు" అని. దాదాపు ప్రతిసారీ బోర్డు బాగానే ఉంటుంది. గైరో (కదలికను పసిగట్టే సెన్సర్) ఒక దిక్కు చూస్తుంటుంది, మోటార్ల నంబర్లు ఇంకో దిక్కు చెబుతుంటాయి. ప్రొపెల్లర్లు తీసేసి బల్ల దగ్గర పావుగంట కూర్చుంటే తేలిపోయే తప్పు ఇది. ఇక్కడ చెప్పేదంతా బీటాఫ్లైట్ అనే ఫర్మ్‌వేర్‌తో (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) నడిచే 5 అంగుళాల, నాలుగు మోటార్ల డ్రోన్‌కు.

సామాను

బోర్డు ఎఫ్722 గానీ హెచ్743 గానీ చిప్ ఉన్నదే తీసుకోండి. ఎఫ్405తోనూ డ్రోన్ బాగానే ఎగురుతుంది. కానీ ఎస్‌బస్ (సిగ్నల్ పంపే ఒక పద్ధతి) రిసీవర్ వాడేవాళ్లు అందులో సిగ్నల్‌ను తిరగేసే ప్రత్యేక ప్యాడ్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎఫ్411 వద్దే వద్దు, రిసీవర్, వీడియో, జీపీఎస్ కలిపేసరికి పోర్టులు అయిపోతాయి. స్క్రూ రంధ్రాల మధ్య దూరం 30.5 మి.మీ.నా, 20 మి.మీ.నా అన్నది కొనకముందే కొలుచుకోండి. సోల్డరింగ్ ఐరన్, 63/37 సోల్డర్ తీగ (తగరం, సీసం), ఫ్లక్స్, మల్టీమీటర్, 35 వోల్టుల 1000 మైక్రోఫారడ్ల లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్ ఉంటే చాలు. యూఎస్‌బీ కేబుల్ డేటా వెళ్లేదై ఉండాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ బోర్డును గుర్తించడం లేదని పూటంతా డ్రైవర్లు మార్చేవాళ్లు చాలామంది.

పాత బోర్డు ఇంకా పనిచేస్తుంటే ల్యాప్‌టాప్‌లోని బీటాఫ్లైట్ కాన్ఫిగరేటర్‌లో సీఎల్ఐ (ఆదేశాలు టైపు చేసే పేజీ) తెరిచి, మార్చిన సెట్టింగ్‌లన్నీ చూపే డిఫ్ ఆల్ కొట్టి ఫైలు దాచుకోండి. అయితే దాన్ని యథాతథంగా కొత్త బోర్డులో అతికించకండి. పిన్నుల అమరిక బోర్డుకో తీరుగా ఉంటుంది. రేట్లు (కర్రల కదలికకు డ్రోన్ ఎంత వేగంగా తిరగాలన్నది), మోడ్‌లు మాత్రం అందులో చూసి చేత్తో ఎక్కించుకోండి.

బిగింపు, వైరింగ్

బోర్డు మీది బాణం డ్రోన్ ముక్కు వైపు ఉండాలి. నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు తప్పనిసరి. స్క్రూలు బిగించాక బోర్డు అంచును వేలితో నొక్కితే కాస్త కదలాలి. బుష్ చపాతీలా నలిగేదాకా బిగిస్తే మోటార్ల వణుకంతా నేరుగా గైరోకు చేరుతుంది. ఆ తర్వాత ఎన్ని ఫిల్టర్లు మార్చినా మోటార్లు వేడెక్కుతూనే ఉంటాయి.

ఈఎస్‌సీ (మోటార్ల వేగాన్ని అదుపు చేసే బోర్డు) నుంచి వచ్చే 8 తీగల కేబుల్‌ను, కనెక్టర్ సరిగ్గా కూర్చుంది కదా అని నమ్మవద్దు. తీగల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది. వరుస తప్పి బ్యాటరీ వోల్టేజి మోటార్ సిగ్నల్ పిన్నులోకి వెళితే 3.3 వోల్టుల మీద నడిచే చిప్ ఆ క్షణమే పోతుంది. రెండు బోర్డుల బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో తీగనూ వేలితో పట్టుకుని చూడండి. తేడా ఉంటే కనెక్టర్‌లోని చిన్న రెక్కను గుండుసూదితో లేపితే తీగ బయటికి వస్తుంది, సరైన గదిలోకి మార్చుకోవచ్చు.

మొదటిసారి బ్యాటరీని నేరుగా పెట్టకండి. బైకు మెకానిక్ దగ్గర దొరికే 12 వోల్టుల 21 వాట్ల బల్బును పాజిటివ్ తీగ మధ్యలో కలపండి. 4ఎస్ (నాలుగు సెల్‌ల) బ్యాటరీకి ఒక బల్బు, 6ఎస్‌కు రెండు బల్బులు వరుసగా. కెపాసిటర్ నిండేటప్పుడు బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతే పరవాలేదు. వెలిగి అలాగే ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి. దీనికోసం అమ్మే ప్రత్యేక పరికరాలూ ఉన్నాయి గానీ, బల్బు వెలుగు చెప్పినంత తేటగా అవేవీ చెప్పవు. వీడియో ట్రాన్స్‌మిటర్‌కు యాంటెన్నా లేకుండా మాత్రం కరెంటు ఇవ్వకండి.

ఫర్మ్‌వేర్, రిసీవర్ పనులకు ఎక్కువసేపు పట్టదు. బూట్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెట్టండి, బోర్డు మీద రాసి ఉన్న పేరుతోనే టార్గెట్ (ఏ బోర్డుకన్నది) ఎంచుకోండి, ఫ్లాష్ చేయండి. రిసీవర్ టీఎక్స్ (పంపే) తీగ బోర్డు ఆర్ఎక్స్ (అందుకునే) ప్యాడ్‌కు, ఆర్ఎక్స్ తీగ టీఎక్స్‌కు వెళ్లాలి. ట్రాన్స్‌మిటర్ కర్రలు మధ్యలో ఉన్నప్పుడు 1500, అంచులకు తోసినప్పుడు 1000, 2000 దగ్గర అంకెలు కనిపిస్తే ఆ పని అయినట్టే. యాక్సిలరోమీటర్ క్యాలిబ్రేషన్‌కు బల్ల మట్టంగా ఉండాలి, మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూసుకోండి.

అసలు పరీక్ష: గైరో, నంబరు, తిరిగే వైపు

ఇక్కడి నుంచి నిదానించండి. ప్రొపెల్లర్లు నాలుగూ విప్పి పక్క గదిలో పెట్టండి. వదులు చేసి ఉంచడం కుదరదు. 5 అంగుళాల ప్రొపెల్లర్ వేలి ఎముక దాకా కోస్తుంది.

గైరో దిక్కు, మోటార్ నంబరు, మోటార్ తిరిగే వైపు: ఇవి మూడు వేర్వేరు విషయాలు. ఒకటి సరిగ్గా ఉన్నంత మాత్రాన రెండోది సరిగ్గా ఉందని కాదు. ఫ్లైట్ కంట్రోలర్‌ను మాత్రమే 90 డిగ్రీలు తిప్పి బిగిస్తే గైరో దిక్కు మారుతుంది, నంబర్లు మారవు. ఈఎస్‌సీని మాత్రమే తిప్పితే నంబర్లు మారతాయి, గైరో మారదు. రెంటినీ తిప్పితే రెండూ మారతాయి. డ్రోన్ పల్టీ కొట్టగానే ఏది తప్పో చూడకుండా మోటార్ తీగలు మార్చేస్తే, ఉన్న తప్పు అలాగే ఉండి ఇంకో తప్పు తోడవుతుంది.

ముందు గైరో. కాన్ఫిగరేటర్ సెటప్ పేజీలో డ్రోన్ బొమ్మ ఉంటుంది. డ్రోన్ ముక్కు మీకు అవతలి వైపు ఉండేలా పట్టుకుని బొమ్మను రీసెట్ చేయండి. ముక్కు కిందికి వంచితే బొమ్మ ముక్కు కూడా వంగాలి. కుడికి వాలిస్తే కుడికి వాలాలి. బల్ల మీద పెట్టి కుడికి తిప్పితే కుడికి తిరగాలి. మూడూ చూడాల్సిందే. బోర్డు వెనక్కి తిరిగి ఉంటే, అంటే 180 డిగ్రీల తేడా వస్తే, మూడో పరీక్ష సరిగ్గానే కనిపిస్తుంది, మొదటి రెండూ తలకిందులవుతాయి. బల్ల మీద ఒకసారి గిర్రున తిప్పి "బాగానే ఉంది" అనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. తప్పుంటే బోర్డు అలైన్‌మెంట్‌లో యా (కుడి ఎడమలకు తిరగడం) అంకెను 90, 180, 270లకు మార్చి, మళ్లీ మొదటి నుంచి మూడూ చూడండి.

తర్వాత నంబర్లు. మోటార్స్ పేజీ తెరిచి, బ్యాటరీ పెట్టి, ఒక్కో స్లైడర్‌నూ 1000 నుంచి 1070 దాకా మాత్రమే జరపండి. కుడి వెనుక 1, కుడి ముందు 2, ఎడమ వెనుక 3, ఎడమ ముందు 4 తిరగాలి. ఆర్డుపైలట్ అనే ఇంకో ఫర్మ్‌వేర్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ పొరబడతారు. అందులో 1 కుడి ముందు, 2 ఎడమ వెనుక, 3 ఎడమ ముందు, 4 కుడి వెనుక. నంబర్లు తేడా వస్తే తీగలు విప్పకండి, అదే పేజీలో మోటార్ల వరుస మార్చే ఏర్పాటు ఉంది.

తిరిగే వైపు కంటితో పోల్చుకోవడం కష్టం. ప్రతి మోటార్ గిన్నెకు (తిరిగే పైభాగానికి) పక్కవైపున చిటికెన వేలి గోరంత ఇన్సులేషన్ టేపు ముక్క జెండాలా నిలబడేటట్టు అంటించండి. మోటార్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక కాగితం కొసను దానికి తగిలిస్తే టేపు కాగితాన్ని ఎటు నెడుతోందో తెలిసిపోతుంది. పై నుంచి చూస్తే 1, 4 గడియారం ముల్లు తిరిగే వైపు, 2, 3 దానికి ఎదురు. నాలుగూ ఎదురు తిరుగుతుంటే అదీ వాడుకలో ఉన్న పద్ధతే, కాకపోతే మోటార్ దిశ తిరగేసినట్టు సెట్టింగ్‌లో టిక్ పెట్టాలి. టిక్ మరిచిపోతే డ్రోన్ లేచీ లేవగానే బొంగరంలా తిరుగుతుంది.

చివరగా మూడూ కలిపి. టేపు ముక్కలు పీకేయండి, యూఎస్‌బీ తీసేయండి, యాంగిల్ మోడ్ (డ్రోన్ తనంతట తానే మట్టంగా నిలిచేది) పెట్టండి. ఫ్రేమ్‌ను మధ్యలో గట్టిగా పట్టుకుని, పక్కవాళ్ల చేత ఆర్మ్ చేయించి (మోటార్లు తిరగడానికి అనుమతించి) థ్రాటిల్ కొద్దిగా పెంచమనండి. ముక్కు కిందికి వంచితే ముందు మోటార్ల మోత పెరగాలి, వెనుకవి తగ్గాలి. కుడికి వాలిస్తే కుడివి పెరగాలి. కిందికి పోయిన వైపు ఎప్పుడూ పైకి నెట్టాలి, అంతే లెక్క. ఎదురు జరిగితే, వంగిన డ్రోన్‌ను కంట్రోలర్ ఇంకా వంచుతోందని అర్థం. ఈ పరీక్ష 5 సెకన్లు మించనివ్వకండి. ప్రొపెల్లర్లు లేక డ్రోన్ కదలదు కాబట్టి కంట్రోలర్ సవరణ పెంచుకుంటూ పోయి మోటార్లను పూర్తి వేగానికి తీసుకెళుతుంది. అది బోర్డు లోపం కాదు.

కొందరు ప్రొపెల్లర్లు పెట్టి, డ్రోన్‌ను తాడుతో మంచం కోడుకు కట్టి చూస్తారు. తాడు లాగిన లాగుడు కూడా గైరోకు కదలికే. అందులో తేలేదేమీ ఉండదు, తాడు రెక్కలకు చుట్టుకోవడం తప్ప.

ఫెయిల్‌సేఫ్, పొలం

సిగ్నల్ తెగితే డ్రోన్ ఏం చేయాలన్నదే ఫెయిల్‌సేఫ్. ప్రొపెల్లర్లు లేకుండానే ఆర్మ్ చేసి, ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. రెండు మూడు సెకన్లలో మోటార్లు ఆగాలి. ఆగకపోతే ఆ రోజు ఎగరేయడం లేదు.

గోదావరి డెల్టాలో ఎగరేయడానికి అనువైన కాలం దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక, కాలవలకు మళ్లీ నీళ్లు వదిలేలోపు, తెల్లవారాక గాలి లేవకముందు. కొబ్బరితోటలో వద్దు, మట్టలు జీపీఎస్‌ను కప్పేస్తాయి. రొయ్యల చెరువుల దగ్గరా వద్దు, పక్షులు వాలకుండా పైన కట్టే సన్నటి తీగలు కంటికి ఆనవు. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి. రాజమహేంద్రవరం వాళ్లు మరీ జాగ్రత్త, మధురపూడి విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కి.మీ. లోపల రెడ్ జోన్, 5 నుంచి 8 కి.మీ. మధ్య నేల నుంచే ఎల్లో జోన్ (అనుమతి లేనిదే ఎగరేయకూడదు). గట్టు వాలు మీద పెడితే డ్రోన్ ఆర్మ్ కాదు, 25 డిగ్రీలు దాటితే ఒప్పుకోదు.

మోకాలి ఎత్తులో 30 సెకన్లు నిలబెట్టి దింపండి, బ్యాటరీ తీయండి, ఒక్కో మోటార్ మీదా వేలు పెట్టండి. 3 సెకన్లు ఆన్చలేకపోతే బుష్‌లు, ప్రొపెల్లర్లు చూసుకుని, డి గెయిన్ (కుదుపులను అణిచే సెట్టింగ్) తగ్గించి మళ్లీ 30 సెకన్లు. నాలుగూ గోరువెచ్చగా ఉంటేనే పైకి పోనివ్వండి.

ఇదంతా అయ్యాకే సిలికాన్ కోటింగ్. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి కోటింగ్ లేని ప్యాడ్లకు పచ్చ చిలుము పడుతుంది. ముందే పూస్తే మళ్లీ సోల్డర్ చేయడానికి గీకాల్సి వస్తుంది. బారోమీటర్ రంధ్రం, యూఎస్‌బీ నోరు, బూట్ బటన్ మీద టేపు వేసి పూయండి. ఒక రాత్రి ఆరనిచ్చి, టేపు తీసి, అప్పుడు పై ప్లేటు బిగించండి.