చిట్టెలుక మూలకణాల నుంచి ఆదిమ బీజకణాలను రూపొందించే విధానం

శుక్రకణాలకూ అండాలకూ మూలమైన ఆదిమ బీజకణాలను ప్రయోగశాలలో రూపొందించదలచినవారు, పిండంలో అవి ఏ వేళకు ఎలా పుడతాయో ముందుగా తెలుసుకోవాలి. ప్లేటులో చేసేదంతా ఆ వేళను పట్టుకోవడమే.

చిట్టెలుక పిండంలో, ఫలదీకరణ జరిగిన దాదాపు ఆరు రోజులకు, శరీరమంతటికీ మూలమైన ఎపిబ్లాస్ట్ అనే పొరలోని కొన్ని కణాలకు దాన్ని ఆనుకొని ఉన్న పిండబాహ్య కణజాలం నుంచి బీఎంపీ4 అనే సంకేత ప్రోటీన్ అందుతుంది. దానికి స్పందించిన కణాల్లో బ్లింప్1, పీఆర్‌డీఎమ్14, టీఎఫ్ఏపీ2సీ జన్యువులు పనిచేయడం మొదలుపెట్టి, అవి సాధారణ శరీర కణాలుగా మారకుండా అడ్డుకుంటాయి. ఏడో రోజు దాటేసరికి ఇలాంటివి సుమారు 40 మాత్రమే ఉంటాయి. అవి పేగుగా మారబోయే భాగం వెంట కదులుతూ పదిన్నరో రోజుకు, తర్వాత వృషణాలుగానో అండాశయాలుగానో మారే జననాంగ గట్లను చేరతాయి. ఈ క్రమంలోనే వాటి డీఎన్ఏ మీద ఉండి జన్యువుల పనిని నియంత్రించే మిథైల్ అనే రసాయన గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. జన్యువు రెండు నకళ్లలో ఏది తల్లిది, ఏది తండ్రిది అని తెలిపే ముద్రలు సైతం మిగలవు. ఆ తర్వాత ఆడ పిండంలో ఇవి క్షయకరణ విభజన మొదలుపెడతాయి, మగ పిండంలో విభజన ఆపి పుట్టేదాకా నిద్రాణంగా ఉంటాయి.

ఇప్పుడు చెప్పే పద్ధతిని క్యోటోలో కత్సుహికో హయాషి, మిటినోరి సైటో బృందం 2011లో ప్రచురించింది. పిండ మూలకణాలకు నేరుగా బీఎంపీ4 ఇస్తే అవి సరిగా స్పందించవు. ముందు వాటిని ఎపిబ్లాస్ట్‌ను పోలిన స్థితికి తేవాలి. ఇందుకోసం కణాలను కణాలు అంటుకునేలా చేసే ఫైబ్రొనెక్టిన్ ప్రోటీన్ పూసిన ప్లేటులో వేసి, యాక్టివిన్ ఎ, బేసిక్ ఎఫ్‌జీఎఫ్ అనే సంకేత ప్రోటీన్లు, 1 శాతం సీరం ప్రత్యామ్నాయం కలిపిన మాధ్యమంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) రెండు రోజులు పెంచాలి. సూక్ష్మదర్శినిలో, మొదట గోపురాల్లా ఉబ్బెత్తుగా మెరిసే కణ సమూహాలు క్రమంగా చదునై ప్లేటంతా పరుచుకోవడం కనబడుతుంది. ఈ పని మొత్తంలో అతి సున్నితమైన దశ ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మొదటి రోజున ఇంకా సిద్ధంకాని కణాలు మూడో రోజుకల్లా ఆ సామర్థ్యాన్ని పోగొట్టుకుంటాయి. సెలవు రోజు అడ్డొస్తుందనిపిస్తే, ఆ వారం ప్రయోగం మొదలుపెట్టకపోవడమే మేలు.

రెండో రోజున కణాలను విడదీసి, లెక్కించి, కణాలు అంటుకోని గుండ్రటి అడుగున్న 96 గుంతల ప్లేటులో ఒక్కో గుంతకు వెయ్యి నుంచి రెండు వేల దాకా వేయాలి. మాధ్యమంలో బీఎంపీ4తో పాటు లిఫ్, ఎస్‌సీఎఫ్, బీఎంపీ8బి, ఈజీఎఫ్ అనే సంకేత ప్రోటీన్లు కూడా ఉండాలి. మర్నాటికి ప్రతి గుంత అడుగునా ఒక చిన్న ఉండ ఏర్పడుతుంది. మాధ్యమాన్ని మార్చాల్సివస్తే పిపెట్ కొనను గుంత గోడకు ఆనించి మెల్లగా పీల్చాలి. లేకపోతే ఆ ఉండ మాధ్యమంతోపాటే పైకొచ్చేస్తుంది.

బీఎంపీ4 ఇచ్చిన ఆరో రోజుకు ఉండలోని కణాలన్నీ బీజకణాలు కావు కనుక వేరు చేయడం తప్పనిసరి. కణాల ఉపరితలంపై ఉండే ఎస్ఎస్ఈఏ1, ఇంటెగ్రిన్ బీటా3 గుర్తులు రెండింటినీ ఆధారం చేసుకుని కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పోనిచ్చి గుర్తించే ఫ్లో సైటోమెట్రీతో ఏరాలి. మార్పు చెందని మూలకణాలు మిగిలిపోతే, తర్వాత మార్పిడి చేసిన జంతువులో రకరకాల కణజాలాలు కలగలిసిన టెరటోమా గడ్డలు పెరిగే ప్రమాదముంది.

ఏరిన కణాలు నిజంగా పనిచేస్తాయా అన్నదానికి జీవమే సాక్ష్యం. బీజకణాలు లేని చిట్టెలుక పిల్లల వృషణాల్లో వాటిని ప్రవేశపెట్టగా శుక్రకణాలు, వాటి నుంచి ఆరోగ్యవంతమైన పిల్లలు వచ్చాయి. అండాల కోసం పిండ అండాశయపు కణాలను జత చేయాలి. 2012లో వాటి ముడి అండాలను జంతువులో పెంచాల్సివచ్చింది, 2016 నాటికి ఆ పని ప్లేటులోనే సాధ్యమైంది. మానవ కణాలకు ఈ సూత్రాన్ని యథాతథంగా వాడకూడదు: వాటిలో ముఖ్యపాత్ర సాక్స్17 జన్యువుదని 2015లో తేలింది.