చీలమండకు కీహోల్ సర్జరీ అయ్యాక: దేనికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు

చీలమండ ముందువైపు రెండు గాట్లు, ఒక్కోటి సెంటీమీటరు లోపే. ఒక దాంట్లోంచి కెమెరా, ఇంకో దాంట్లోంచి పనిముట్లు. చూసినవాళ్ళు "ఇంతేనా!" అంటారు. పైన గాటు చిన్నదే గానీ, లోపల ఎముక ముక్కలు తీసి, పాడైన మృదులాస్థిని (ఎముకల చివర్లో ఉండే మెత్తటి పొరను) చెక్కి ఉండొచ్చు. ఇబ్బందులు అందరికీ రావు. వస్తే మాత్రం చిన్నదానికి టెన్షన్ పడి, పెద్దదాన్ని వదిలేస్తుంటాం.

పాదం పైభాగం మొద్దుబారింది

ఈ సర్జరీలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే. బయటివైపు గాటు పెట్టే చోటికి దగ్గర్లోనే, చర్మం కిందుగా ఒక నరం వేళ్ళ మీదికి పోతుంది. అందరిలో ఒకే దారిన పోదు. సన్నగా ఉన్నవాళ్ళు పాదాన్ని కిందికి, లోపలికి వంచితే తీగలా కనిపిస్తుంది కూడా. చాలామంది సర్జన్లు ముందే పెన్నుతో గుర్తు పెట్టుకుంటారు. అయినా పనిముట్టు తగిలి నలగొచ్చు. నలిగిన నరం కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో కోలుకుంటుంది. మధ్యలో చీమలు పాకినట్టు ఉంటే కంగారు వద్దు. తెగితే మాత్రం ఆ మొద్దుతనం మిగిలిపోవచ్చు. తర్వాతి చెకప్‌లో తప్పకుండా చెప్పండి. స్పర్శ లేని చోట ఐస్, కాపడం రెండూ వద్దు. చర్మం పాడైనా మీకు తెలియదు.

వాపు తగ్గట్లేదు

కాలు స్టూలు మీద పెడితే చాలదు. పడుకుని, కింద దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. సాయంత్రాలు కాస్త వాపు రెండు మూడు నెలలు ఉండటం మామూలే.

గాటు నుంచి నీరు కారుతోంది

మొదటి రోజు కట్టు తడిస్తే, అది చాలావరకు ఆపరేషన్‌లో కీలులోకి ఎక్కించిన సెలైనే. రోజులు గడిచినా ఆగకపోతే కీలులోని ద్రవం కారుతున్నట్టు. అప్పుడు కొన్నాళ్ళు కీలు కదలకుండా కట్టేస్తారు, అవసరమైతే మళ్ళీ కుట్టేస్తారు. ఆలస్యం చేస్తే అదే దారిన క్రిములు లోపలికి పోతాయి. ఎర్రదనం, చీము, జ్వరం కనిపిస్తే అదే రోజు వెళ్ళాలి. కీలు లోపల చీము చేరితే మాత్రలొక్కటే చాలవు, లోపల కడగాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పి అంతగా తెలియకపోవచ్చు కాబట్టి రోజూ కంటితో చూసుకోవాలి. పసుపు అద్దొద్దు. పప్పు తింటే చీము పడుతుందని మానేస్తారు చూడండి, అది ఉత్త భయం. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి, శుభ్రంగా తినండి.

పిక్క పట్టేసింది

ఒక్క కాలి పిక్కే నొప్పిగా, వాచి, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కాలు కదలకుండా ఉంచడమే దీనికి పెద్ద కారణం. మనవాళ్ళు ముందు చేసే పని నూనె రాసి మర్దన. దయచేసి ఆపండి, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరగలదు. ఆరోజే డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే స్కాన్) చేయించాలి. గడ్డ ఉంటే రక్తం పలచబడే మందులిస్తారు. ఆయాసం, ఛాతీలో నొప్పి మొదలైతే స్కాన్ సెంటర్ సంగతి మర్చిపోయి 108కి ఫోన్ చేయండి.

వేళ్ళు నీలంగా, చల్లగా మారాయి

కట్టు బిగుసుకుపోయి ఉండొచ్చు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు వదులు చేయండి. నొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు.

దుప్పటి తగిలినా భగ్గుమంటోంది

గాటు మానింది, కానీ పాదం రంగు మారుతోంది, చెమట పడుతోంది, నొప్పి రోజురోజుకీ పెరుగుతోంది. ఇది అరుదు. నరాల వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల వస్తుంది, "ఊహించుకుంటున్నావు" అని కొట్టిపారేసేది కాదు. కాలు కదపకుండా దాచుకుంటే ముదురుతుంది. ఫిజియోథెరపీ, నరాల నొప్పి మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.