మోడల్ రివ్యూ, 4వ పాఠం: గుండ్రం ఉంది, లోపల ఏమీ లేదు

పోయిన పాఠానికి అభ్యాసంగా, భవనం 3డీ మోడల్‌లో ఒకదానికొకటి తగిలే వస్తువుల మీద కామెంట్‌లు పెట్టి మీరు పంపిన ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. చాలావాటిలో ఒకటే దృశ్యం: ఎర్ర గుండ్రం, పక్కన "ఇక్కడ తగులుతోంది" అన్న మాట, గుండ్రంలోకి చూస్తే ఉత్త సీలింగ్ పలక. గీసినవాళ్ల స్క్రీన్ మీద డక్ట్ (గాలి గొట్టం), దూలం రెండూ కనిపించే ఉంటాయి, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ డక్ట్‌ని జరపాల్సిన మనిషికి కనబడకపోతే కామెంట్ పెట్టీ పెట్టనట్టే. అందుకే ఈసారి చెప్దామనుకున్న కామెంట్ స్టేటస్‌ల సంగతి వచ్చే పాఠానికి జరిపాను, ముందు ఇది తేల్చుకుందాం.

మీలో ఎక్కువమంది సీలింగ్‌ని హైడ్ చేసి, పైనున్నది చూసి, వ్యూపాయింట్ (అప్పుడు కనబడే చూపు) సేవ్ చేసి గీశారు. మోడల్‌లని కలిపి చూసే సాఫ్ట్‌వేర్ నావిస్‌వర్క్స్ వ్యూపాయింట్‌లో కెమెరా ఎక్కడుందో ఉంటుంది, సెక్షన్ కట్ (లోపలిది కనబడేలా మోడల్‌ని కోయడం) ఉంటే అదీ ఉంటుంది, ఏవేవి దాచారన్నది మాత్రం మామూలు సెట్టింగ్‌లో సేవ్ అవ్వదు. ఆప్షన్స్‌లో వ్యూపాయింట్ డిఫాల్ట్స్‌కి వెళ్తే హైడ్, రిక్వైర్డ్ వివరాలు సేవ్ చేయమనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. నేను పోయినసారి చెప్పకుండా వదిలేసింది ఇదే. నా మెషీన్‌లో ఆ టిక్ ఎప్పటినుంచో ఉంది, అందుకని గుర్తుకు రాలేదు, మీ టైం పోయినందుకు బాధగా ఉంది. పాత వ్యూపాయింట్‌లని బాగుచేస్తూ కూర్చోవద్దు, మళ్లీ మొదటినుంచి చేయండి, చేతికి అలవాటవుతుంది.

నేనైతే హైడ్ చాలా తక్కువ వాడతాను. పెద్ద మోడల్‌లో అలాంటి వ్యూపాయింట్‌లు వందల్లో చేరితే ఫైలు బరువెక్కుతుంది. సమస్య ఉన్నచోట చుట్టూ అర మీటరు వదిలి సెక్షన్ బాక్స్ పెట్టి, దాని కింది తలాన్ని సీలింగ్ పైదాకా లాగేస్తే పలక దానంతటదే తెగిపోతుంది, కట్ ఎలాగూ వ్యూపాయింట్‌తోనే సేవ్ అవుతుంది.

ఇంకొందరికి గుండ్రం పక్కకి జరిగింది. రెడ్‌లైన్, అంటే మీరు గీసే ఆ గుండ్రం, మోడల్‌లో ఉండదండీ. లోపల నిలబడి చూస్తూ కిటికీ అద్దం మీద బయటి చెట్టుకి బొట్టు పెట్టినట్టు అన్నమాట, మీరు రెండడుగులు జరిగితే బొట్టు చెట్టు మీద ఉండదు. కెమెరా జరగకపోయినా, మీది వెడల్పాటి మానిటర్, అవతలివారిది చతురస్రానికి దగ్గరగా ఉన్న విండో అయితే బొట్టు తప్పే అవకాశం ఉంది. కామెంట్‌లని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసుకెళ్లే బీసీఎఫ్ ఫార్మాట్‌లో కూడా వ్యూ వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని రాసుకునే చోటు 2021లో వచ్చిన 3.0 వెర్షన్‌లో గానీ రాలేదు. కాబట్టి గుండ్రాన్ని కొంచెం పెద్దదిగా గీయండి, బాణాల జోలికి పోకండి. గుండ్రం కాస్త జరిగినా వస్తువు లోపలే ఉంటుంది, బాణం జరిగితే పక్క పైపుని చూపిస్తుంది.

గీత రంగు, మందం, అక్షరాల సైజు ఎక్కడ మార్చాలో చెప్పను, ఒకసారి మెనూ తెరిస్తే మీకే తెలుస్తుంది.

ఇక అసలు పాఠం. గుండ్రం కంటికి సాయం చేస్తుంది, కామెంట్‌ని పట్టి ఉంచేది మాత్రం వస్తువు జీయూఐడీ. ఐఎఫ్‌సీ (సాఫ్ట్‌వేర్‌ల మధ్య మోడల్‌ని పంచుకునే ఫార్మాట్) మోడల్‌లో ప్రతి దూలానికీ, డక్ట్‌కీ, తలుపుకీ 22 అక్షరాల గుర్తింపు ఒకటి ఉంటుంది. బీసీఎఫ్ ఫైలు నిజానికి జిప్ ఫైలే, విప్పి చూడండి: ఒక్కో కామెంట్‌కి ఒక్కో ఫోల్డర్, అందులో మాటలున్న మార్కప్ ఫైలు, కెమెరా ఉన్న వ్యూపాయింట్ ఫైలు, ఒక బొమ్మ. కామెంట్ మొదలుపెట్టే ముందు మీరు వస్తువుని సెలెక్ట్ చేసి ఉంటే దాని జీయూఐడీ ఆ వ్యూపాయింట్ ఫైల్లోకి వెళ్తుంది. సెలెక్ట్ చేయకపోతే అవతలివారికి అందేది బొమ్మ, కెమెరా మాత్రమే. రెండు వస్తువులు తగులుతుంటే రెండింటినీ సెలెక్ట్ చేయండి.

నన్ను అన్నిటికంటే విసిగించే తప్పు ఇక్కడే ఉంది. మీరు డక్ట్ మీద చక్కగా కామెంట్ పెడతారు. డిజైనర్ దాన్ని చూసి, జరపడం బద్ధకమై, ఉన్న డక్ట్‌ని డిలీట్ చేసి కొత్తది గీస్తారు. కంటికి అదే డక్ట్, అదే సైజు, 100 మి.మీ. కిందికి వచ్చిందంతే. కానీ కొత్తదానికి జీయూఐడీ కొత్తది. మీ కామెంట్ పాత గుర్తింపుని వెతుక్కుంటుంది, దొరకదు. పని అయిందో లేదో ఎవరూ చెప్పలేరు, క్లాష్ పరీక్ష (ఏవి తగులుతున్నాయో సాఫ్ట్‌వేర్ వెతకడం) మళ్లీ నడిపితే ఇంకా ఏదైనా తగులుతున్నచోట కొత్త క్లాష్‌గా వస్తుంది, దాని మీద ఇంకో కామెంట్ పడుతుంది. ఒక ప్రాజెక్టులో ఒక అంతస్తు డక్ట్‌లన్నీ ఇలా తీసేసి గీశారు, దిక్కులేకుండా పోయిన కామెంట్‌లని ఏది దేనిదో నేను చేత్తో జత చేయడానికి వారం పట్టింది. వస్తువుని జరిపినా, సైజు మార్చినా, మోడల్ గీసే రెవిట్‌లో టైప్ మార్చినా గుర్తింపు నిలుస్తుంది. కట్ చేసి పేస్ట్ చేస్తే నిలవదు. స్ప్లిట్ చేస్తే ఒక ముక్కకి పాతది, ఇంకో ముక్కకి కొత్తది, మీ కామెంట్ ఏ ముక్క గురించో అది చూసుకోవాలి. అందుకని నా కామెంట్ చివర ఎప్పుడూ "దయచేసి డిలీట్ చేయకుండా జరపండి" అని రాస్తాను, ప్రతిసారీ రాస్తాను.

ఇంకోటి, జీయూఐడీలో పెద్ద a, చిన్న a వేర్వేరు. కామెంట్ లిస్టుని వస్తువులతో జతచేయడానికి ఎక్సెల్‌లో వాడే వీ-లుకప్ (VLOOKUP) ఫార్ములాకి ఆ తేడా తెలియదు. ఒకదాని వెంట ఒకటి గీసిన వస్తువులకి చివరి అక్షరం ఒక్కటే తేడాగా ఉండొచ్చు, అప్పుడు కామెంట్ పక్క పైపుకి అతుక్కుపోతుంది.

మాటల విషయానికొస్తే, "ఇది చూడండి" అని రాయకండి. ఇలా రాయండి: "2వ అంతస్తు, గ్రిడ్ బి-4. డక్ట్ పై అంచు దూలం అడుగు కంటే 60 మి.మీ. పైకి ఉంది. 25 మి.మీ. ఇన్సులేషన్ మోడల్‌లో లేదు, దాంతో కలిపి కనీసం 85 దించాలి. దించితే సీలింగ్‌కి 40 మిగులుతుంది, లైట్‌కి 110 కావాలి. డక్ట్ ఎత్తు తగ్గించి వెడల్పు పెంచగలరా?" అందులో చోటు ఉంది, కొలత ఉంది, మోడల్‌లో కనబడని సంగతి ఉంది, చివరికి జవాబివ్వడానికి వీలైన ప్రశ్న ఉంది. "తలుపు రెక్క స్విచ్‌బోర్డుకి అడ్డం" లాంటి చిన్నదానికి ఒక్క వాక్యం చాలు. ఒక కామెంట్‌లో ఒకే సమస్య, రెండోది కనిపిస్తే రెండో కామెంట్.

అభ్యాసం: మీ మోడల్‌లో ఐదు క్లాష్‌లు తీసుకుని ఐదు కామెంట్‌లు పెట్టండి, బీసీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో, వేరే స్క్రీన్ మీద తెరవండి. తర్వాత ఒక డక్ట్‌ని కావాలనే డిలీట్ చేసి గీసి, ఇంకోదాన్ని జరిపి, మరోదాన్ని స్ప్లిట్ చేసి, ఐఎఫ్‌సీ మళ్లీ తీసి, అవే ఐదు కామెంట్‌లు తెరిచి ఏది నిలిచింది, ఏది తప్పిపోయిందో రాసుకోండి. జిప్ విప్పి ఐదింటి జీయూఐడీలూ కళ్లతో సరిచూడండి. గంటన్నర పడుతుంది, సగంలో ఆపకండి. ఆ కాగితం పక్కన పెట్టుకునే స్టేటస్‌ల పాఠం మొదలుపెడతాం.